చెరిపేవాడి చదువు

మంచు మీద ఏనాడూ జారనివాణ్ణి
నిన్న సౌనాలో నోరు జారాను.

కెమి ఊళ్లో ప్రతి గురువారం ఉండేదే.
ఓస్మో, చలియంత్రాల గది కాపలా రేయో, నేను,
చెక్కబల్ల మీద, ఒంటిమీద నూలుపోగు లేకుండా.
వేడి రాళ్ల మీద నీళ్లు చల్లుతూ ఓస్మో అన్నాడు:
"మా ఆవిడ టీవీ కట్టదు. ఆ మెరుపుల గౌన్లు,
తిరగడం, దిగడం, దిగాక ఏడవడం.
నిన్నెవత్తో లట్జ్ అట, మూడు చుట్లట, జనం లేచి నిలబడ్డారు."

"లట్జ్ కాదది," అన్నాను, "ఫ్లిప్.
ఎడమ బ్లేడు లోపలి అంచు మీదుంది."

రాళ్లు కూడా చుర్రుమనడం మానేశాయి.

బట్టలుంటే జేబుల్లో చేతులు దాచుకునేవాణ్ణి.
గుమ్మడికాయల దొంగకి
భుజాలు తప్ప ఏం మిగల్లేదు తడుముకోడానికి.
"పేపర్లో చదివాను" అన్నాను.
పాతికేళ్లు మిల్లులో పేపరు చేసినవాణ్ణి,
నేరం పేపరు మీదికే నెట్టాను.

మిల్లు మూతపడ్డాక దొరికిన పని
రింకులో మంచు చదునుచేసే బండి తోలడం.
హాకీ కుర్రాళ్లు ఆడి వెళ్లిన మంచు
కోళ్లు కెలికిన పెంటకుప్ప, చదవడానికేం ఉండదు.
కానీ తెల్లారి, నేను గేటు తీసేలోపే
ఎవరో ఒక్కరే వచ్చి వెళ్లిపోతారు.
మనిషి కనపడదు. గీతలుంటాయి.

మొదట్లో గిన్నె కడిగినట్టు కడిగేసేవాణ్ణి.
ఒకరోజు ఇంజను ఆపి దిగాను.

బ్లేడుకి రెండంచులు.
నిటారుగా నిలబడితే జంటగీతలు,
ఒక పక్కకి ఒరిగే ధైర్యముంటేనే ఒంటిగీత.
ఈ మాట చెప్పింది
రెండు చేపలవేట పుస్తకాల మధ్య దాచి
లైబ్రరీ నుంచి తెచ్చుకున్న మూడో పుస్తకం.
ముందుకు చూస్తూ ఎగిరేది ఆక్సెల్ ఒక్కటేనని,
అందుకే దానికి ఎప్పుడూ అరచుట్టు అప్పు ఉంటుందని,
లట్జ్ అంటే వంపు ఒకవైపు, తిరగడం ఇంకోవైపు,
ఏటికి ఎదురీతని.
చుట్టు నిండకుండా దిగితే
మంచు మీద చిన్న కొక్కెం పడుతుంది, గాలం ములుకులా.

అక్టోబరంతా కొక్కేలే.
పక్కన వెడల్పుగా గీరుకుపోయిన జాగా, అది తుంటి.
పదిహేనేళ్ల పిల్ల అనుకున్నాను.
హిల్లా అని పేరు కూడా పెట్టుకున్నాను.
బొటనవేలి పళ్లు దిగిన గుంట మరీ లోతుగా ఉంటే
పిల్ల కాస్త బొద్దు కాబోలు అనుకున్నాను.

నవంబరు పదకొండు. గుంట.
తరవాత ఏమీ లేదు.
బారెడు ఖాళీ.
ఆపైన వెనక్కి సాగిన ఒకే ఒక్క గీత,
ఎక్కడా వణకలేదు.
గాల్లో ఉన్నంతసేపు మంచు మీద ఏం రాస్తారు?
ఆ ఖాళీ దగ్గర టోపీ తీసి నిలబడ్డాను.
ఆ మూల ఒక్కటీ తుడవలేదు.
హాకీ కోచ్ తిట్టాడు. బండి మొరాయించిందన్నాను.

నిన్న సౌనాలో, ఆ నిశ్శబ్దంలో,
రేయో కాళ్లకేసి చూసుకుంటూ మెల్లగా అన్నాడు:
"మొదట బయటి అంచే.
ఆఖరి క్షణంలో భయపడి ఒరిగింది."

ఓస్మో ఇద్దర్నీ మార్చి మార్చి చూసి
ఇంకో చెంబుడు నీళ్లు కుమ్మరించాడు.
ఆవిరి లేచింది. రేయో లేచాడు.
ఎవరూ ఎవరినీ చూడని ఆ చోట
ఒక్కసారి చూశాను.
యాభై ఎనిమిదేళ్ల తుంటి మీద
వంకాయ రంగు కమిలిక, అంచుల్లో పసుపు.

నేనేం అనలేదు. వాడూ అనలేదు.
చేపలు పడుతున్నాయా అని అడిగాడు.
పడుతున్నాయన్నాను.

ఈ రాత్రి ఆఖరి ఆట అయ్యాక
ట్యాంకులో నీళ్లు కాస్త ఎక్కువ వేడిగా పట్టాను.
వేడినీళ్లు పాత గాట్లను పూర్తిగా పూడుస్తాయి,
మంచు గట్టిగా, నున్నగా పేరుతుంది.
హాకీవాళ్లకి ఆ తేడా తెలీదు.